సూర్యుడు ఎప్పుడు మళ్ళుతాడు?

నాచారంలోనో, ఉప్పల్‌లోనో ఏదైనా ఒక ఇంటి ముందుగదిలోకి వెళ్ళి చూడండి. గోడమీద పెద్ద తెలుగు క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. జనవరి నెల కాగితంలో 14వ తేదీ గడిలోగాని, 15వ తేదీ గడిలోగాని మకర సంక్రాంతి అనీ, ఉత్తరాయణ పుణ్యకాలం అనీ అచ్చువేసి ఉంటుంది. అదే గదిలో బల్లమీద ఆ ఇంటి పిల్లవాని భూగోళశాస్త్రం పుస్తకం ఉంటుంది. సూర్యుడు డిసెంబరు 21నగాని, 22నగాని మకరరేఖ మీదికి చేరి, అక్కడినుండి ఉత్తరానికి మళ్ళుతాడని అందులో ఉంటుంది. ఈ రెండింటికీ మూడు వారాలకు పైగా తేడా ఉన్నది. ఏది నిజమని పిల్లవాడు అడిగితే, "అది ఆచారం, ఇది సైన్సు" అని చెప్పి పెద్దలు తప్పించుకుంటారు. ఈ జవాబు సరైనది కాదు. క్యాలెండరులో ఉన్నది కూడా ఒకప్పుడు ఎవరో ఆకాశాన్ని శ్రద్ధగా చూచి వ్రాసిపెట్టినదే. అది తరువాత ఎందువల్ల, ఎంతమేరకు తప్పిందో తెలుసుకోవటానికి పెద్ద దూరదర్శిని అవసరం లేదు. డాబామీద నిలబెట్టిన ఒక కర్ర, ఒక టేపు, నెలన్నర ఓపిక ఉంటే చాలును.

మొదట మాటల సంగతి చూద్దాం. సూర్యుడు ఉత్తరానికో, దక్షిణానికో పోవటం మాని వెనుకకు తిరిగే సమయాన్ని ఇంగ్లీషులో 'సోల్‌స్టిస్' అంటారు. ఇది లాటినులోని 'సోల్‌స్టీషియమ్' నుండి వచ్చినది. 'సోల్' అంటే సూర్యుడు. రెండవ భాగం 'నిలుచుట' అనే అర్థంగల ధాతువునుండి పుట్టినది. కాబట్టి ఈ మాటకు అర్థం సూర్యుని నిలుపు. అయితే రోమనులు ఈ మాటను ఎక్కువగా వేసవిలో వచ్చే నిలుపుకే వాడేవారు. చలికాలపు దానిని 'బ్రూమా' అనేవారు. అంటే అతిచిన్నది, దినాలన్నింటిలో పొట్టిదని అర్థం. గ్రీకులు నిలుపును కాక మలుపును చూచి, 'ట్రోపె' అని పేరు పెట్టారు. కర్కటరేఖకూ మకరరేఖకూ ఇంగ్లీషులో ఉన్న 'ట్రాపిక్' అనే పేరు ఆ గ్రీకు మాటనుండి వచ్చినదే. అరబ్బులు కూడా మలుపునే తీసుకొని 'ఇంక్విలాబ్' అన్నారు. మన ఉర్దూలో ఈనాటికీ సోల్‌స్టిస్‌కు 'ఇంక్విలాబ్-ఎ-షమ్సీ' అనే మాట ఉన్నది. హైదరాబాదు వీధులలో ఊరేగింపులు పోతున్నప్పుడు వినబడే ఇంక్విలాబూ, ఇదీ ఒకటే మాట. ఇంకొక దిక్కుకు తిరిగిపోవటం, తలక్రిందులు కావటం దాని అర్థం.

ఇక సంస్కృతంలో 'అయనం' అంటే పోవటం, పోయే దారి. రాముని నడకను చెప్పే గ్రంథం రామాయణం అయినట్లే సూర్యుడు ఉత్తరంగా నడిచే కాలం ఉత్తరాయణం, దక్షిణంగా నడిచే కాలం దక్షిణాయనం. ఇక్కడ వ్రాతలో ఒక చిక్కు ఉన్నది. ఉత్తరాయణంలో 'ణ' వ్రాయాలి, దక్షిణాయనంలో 'న' వ్రాయాలి. ముందున్న రేఫ ప్రభావంచేత మొదటిదానిలో నకారం ణకారంగా మారుతుంది. రెండవదానిలో ఆ మార్పు 'దక్షిణ' దగ్గరే జరిగిపోతుంది, నడుమ ఉన్న ణకారం దాని ప్రభావాన్ని ముందుకు పోనివ్వదు. బడి పిల్లలే కాదు, పత్రికలవారు కూడా ఇక్కడ తరచు తప్పు వ్రాస్తుంటారు.

అయనం అంటే ఆరు నెలల నడక అని గుర్తుంచుకోవాలి. ఆ నడక ముగిసే క్షణానికి వేరే పేరు కావాలి. మన పాఠ్యపుస్తకాలు దానికి 'అయనాంతం' అనే మాట వాడుతున్నవి. మంచి మాటే. కాని నడక మొదలైన రోజునూ, నడచిన ఆరు నెలలనూ ఒకే మాటతో పిలిచే అలవాటు మనకు పోలేదు. గోడమీది క్యాలెండరుకూ పుస్తకానికీ తగవు రావటానికి ఇదొక కారణం.

లాటినువారు నిలుపు అన్నారు, గ్రీకులు మలుపు అన్నారు, మనవారు నడక అన్నారు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. ఋగ్వేదానికి చెందిన కౌషీతకీ బ్రాహ్మణంలో ఈ మూడూ ఒకే చోట ఉన్నవి. మాఘమాసపు అమావాస్యనాడు సూర్యుడు ఉత్తరానికి మళ్ళబోతూ నిలుస్తాడనీ, ఆరు మాసాలు ఉత్తరంగా నడుస్తాడనీ, ఆ తరువాత దక్షిణానికి మళ్ళబోతూ తిరిగి నిలుస్తాడనీ అందులో చెప్పారు. చూచి చెప్పినవారి మాట ఇది.

నిలవటం అంటే ఏమిటి?

సూర్యుడు నిలుస్తాడంటే ఉదయించటం, అస్తమించటం మానివేస్తాడని కాదు. ఉత్తర దక్షిణాలుగా జరగటం మాత్రమే ఆగినట్లు కనబడుతుంది. దీనికి కారణం తెలియాలంటే ఉప్పల్‌లోని క్రికెట్ మైదానాన్ని తలచుకోండి. ఒక ఆటగాడు బౌండరీ గీత వెంట ఒకే వేగంతో నడుస్తున్నాడనుకుందాం. అతడు మైదానానికి తూర్పు కొసలో ఉన్నప్పుడు వేసే ప్రతి అడుగూ అతనిని ఉత్తరానికి తీసుకుపోతుంది. ఉత్తరపు కొసకు చేరినప్పుడో, అడుగులు అంతే వేగంగా పడుతున్నా అన్నీ పడమటికే పోతాయి, ఉత్తరంగా ఒక్క బెత్తెడు కూడా జరగడు. అతడు ఎంత ఉత్తరంగా ఉన్నాడన్నదే చూచేవానికి ఆ కాసేపు అతడు నిలిచిపోయినట్లే ఉంటుంది. ఆ తరువాత మెల్లగా దక్షిణానికి దిగటం మొదలవుతుంది.

సూర్యుడు కూడా నక్షత్రాల నడుమ సంవత్సరానికి ఒకసారి ఇటువంటి చుట్టు తిరిగినట్లు మనకు కనబడుతాడు. నిజానికి తిరిగేది మనమే. భూమి ఇరుసు 23 డిగ్రీల 26 నిమిషాలు వాలి ఉండటంచేత ఆ బాట మన భూమధ్యరేఖకు ఏటవాలుగా ఉన్నది. అందుచేత సూర్యుడు ఒక కొసలో అంతమేర ఉత్తరంగాను, మరొక కొసలో అంతమేర దక్షిణంగాను పోతాడు. ఈ దూరాన్నే జ్యోతిశ్శాస్త్రంలో క్రాంతి అంటారు. జూన్ 21 ప్రాంతంలోను, డిసెంబరు 21, 22 ప్రాంతంలోను సూర్యుడు ఆ కొసలలో ఉంటాడు.

ఉప్పల్ కూడలిలో ఎత్తైన డాబా ఎక్కి ఉదయించే సూర్యుని చూచినట్లయితే ఈ సంగతి కంటికే తెలుస్తుంది. ఈ ప్రాంతపు అక్షాంశం 17 డిగ్రీల 24 నిమిషాలు. ఇక్కడ జూన్ అయనాంతంలో సూర్యుడు సరియైన తూర్పునకు సుమారు 25 డిగ్రీలు ఉత్తరంగా, అంటే ఇంచుమించు ఘట్‌కేసర్ ఉన్న దిక్కున ఉదయిస్తాడు. డిసెంబరులో అంతే మేర దక్షిణంగా, చౌటుప్పల్ దిక్కున ఉదయిస్తాడు. చేయి బారచాపి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు ఉంటుంది. ఘట్‌కేసర్ దిక్కునుండి చౌటుప్పల్ దిక్కుకు ఐదు పిడికిళ్ళ దూరం. ఇప్పుడు మెట్రో స్తంభాలూ, అంతస్తుల మేడలూ దిగంతాన్ని చాలావరకు కప్పివేసినవి గాని, దూరంగా కనబడే ఒక నీళ్ళ టాంకు అంచునో, మేడ మూలనో గుర్తుగా పెట్టుకోవచ్చును. మార్చి, సెప్టెంబరు నెలలలో రేయింబవళ్ళు సమానంగా ఉండే రోజులలో ఉదయస్థానం రోజుకు దాదాపు ముప్పాతిక సూర్యబింబమంత జరుగుతుంది. నిన్న టాంకుకు ఇవతల పొడిచిన సూర్యుడు మూడు రోజులలో అవతలికి దాటిపోతాడు. అదే అయనాంతం దగ్గర ఐదు రోజులు గడిచినా బింబంలో ఐదవ వంతు కూడా జరగడు. లాటినువారు చూచిన నిలుపు ఇదే.

నడినెత్తిని దాటిపోయే సూర్యుడు

మధ్యాహ్నపు నీడ ఇంకా ఎక్కువ చెబుతుంది. ఒక మీటరు పొడవుగల కర్రను నిట్టనిలువుగా పాతి, సూర్యుడు సరిగా ఉత్తర దక్షిణ రేఖమీదికి వచ్చినప్పుడు దాని నీడను కొలవాలి. అది మన గడియారంలో 12 గంటలకు జరగదు. దేశమంతటికీ వాడే గడియారం కాలం 82½ డిగ్రీల రేఖాంశానిది. ఉప్పల్ దానికి దాదాపు నాలుగు డిగ్రీలు పడమరగా ఉన్నది. అందుచేత ఇక్కడ నడిమధ్యాహ్నం డిసెంబరు అయనాంతంలో సుమారు 12 గంటల 14 నిమిషాలకు, జూన్ అయనాంతంలో 12 గంటల 17, 18 నిమిషాలకు అవుతుంది. ఆ వేళకు డిసెంబరులో మన కర్ర నీడ ఉత్తరంగా 86 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. మార్చిలో రేయింబవళ్ళు సమానమైన నాటికి అది 31 సెంటీమీటర్లకు తగ్గుతుంది.

ఆ తరువాత జరిగేది కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీవారికి ఎన్నడూ కనబడదు. మే 9 ప్రాంతంలో హైదరాబాదులో సూర్యుడు సరిగా నడినెత్తిమీదికి వస్తాడు. కర్రకు నీడ ఉండదు. అక్కడితో ఆగక సూర్యుడు ఇంకా ఉత్తరంగా పోతాడు, నీడ దక్షిణంవైపు పడటం మొదలుపెడుతుంది. జూన్ 21 నాటికి అది దక్షిణంగా పదిన్నర సెంటీమీటర్లు ఉంటుంది. ఆపైన తిరిగి కురచబడి ఆగస్టు 3 ప్రాంతంలో మరొకసారి మాయమవుతుంది. అంటే సంవత్సరంలో దాదాపు మూడు నెలలు ఉప్పల్, నాచారం వాసుల ఇళ్ళలోకి మధ్యాహ్నపు ఎండ ఉత్తరపు కిటికీల వైపునుండి వస్తుందన్నమాట. ఇల్లు కట్టేటప్పుడు దక్షిణంవైపు మాత్రమే ఎండకు పందిరి వేసుకునేవారు ఈ సంగతి గమనించటం మంచిది.

జూన్ 21న సూర్యుడు అందరికంటె మన నెత్తిమీదనే ఎక్కువగా మండుతాడని అనుకునేవారున్నారు. అది ఇక్కడ నిజం కాదు. ఆనాడు పగలు 13 గంటల 10 నిమిషాలు ఉండి, సంవత్సరంలోకెల్లా పొడవైనది అవుతుంది గాని, మధ్యాహ్న సూర్యుడు మే 9 నాటికంటె ఆరు డిగ్రీలు వాలి ఉంటాడు. పైగా అప్పటికి నైరుతి ఋతుపవనాల మబ్బులు కమ్ముతాయి. మన ఎండలకు మే నెలలోనే పట్టు ఎక్కువ ఉండటానికి ఈ రెండూ కారణాలు.

ఉత్తరాయణం జనవరికి ఎట్లా వచ్చింది?

ఇక అసలు తగవుకు వద్దాం. వేదాంగ జ్యోతిషం అనే ప్రాచీన గ్రంథంలో సూర్యుడు ధనిష్ఠ మొదట ఉన్నప్పుడు ఉత్తరానికి, ఆశ్లేష నడుమ ఉన్నప్పుడు దక్షిణానికి మళ్ళుతాడని చెప్పి ఉన్నది. మన రైతులకు కార్తెలు తెలుసు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. ఇప్పుడు ఆశ్లేష కార్తె నడుమ అంటే ఆగస్టు 10 ప్రాంతం. దక్షిణాయనం మొదలయ్యేదో, జూన్ 21న. అప్పటికి మృగశిర కార్తె ముగిసి, ఆరుద్ర ప్రవేశిస్తూ ఉంటుంది. తొలకరి తడికి చేలలో ఎర్రటి ముఖమలు గుడ్డవంటి ఆరుద్ర పురుగులు కనబడే రోజులవి. అయితే వేదాంగ జ్యోతిషం వ్రాసినవారు యాభై రోజులు పొరబడినారా? లేదు. వారు చూచినది వారి కాలానికి నిజమే.

భూమి ఇరుసు ఆకాశంలో ఎప్పుడూ ఒకే దిక్కును చూపదు. తిరుగుతూ వేగం తగ్గిన బొంగరం తల ఊగినట్లు, అది సుమారు 25,800 ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతుంది. దీనివల్ల అయనాంతం జరిగే చోటు నక్షత్రాల నడుమ వెనుకకు జరుగుతూ పోతుంది. దీనినే అయన చలనం అంటారు. 71 లేక 72 ఏళ్ళకు ఒక డిగ్రీ, అంటే దాదాపు ఒక రోజు. మన ఒక్క జన్మలో అది ఒక రోజుకు మించదు. అందుచేత తాతముత్తాతల లెక్క తప్పినట్లు ఏ ఒక్క తరానికీ స్పష్టంగా తెలియదు. ఆశ్లేష నడుమనుండి ఆరుద్ర ఆరంభంవరకు జరగటానికి మూడువేల ఏళ్ళకు పైగా పట్టింది.

తెలిసి చెప్పినవాడు వరాహమిహిరుడు. ఆరవ శతాబ్దంలో ఆయన వ్రాసిన బృహత్సంహితలో సూర్యుని సంచారం గురించిన అధ్యాయం మొదలుపెడుతూనే ఈ మాట ఎత్తుకున్నాడు. పూర్వశాస్త్రాలలో ఆశ్లేష నడుమ అని ఉన్నది కాబట్టి ఒకప్పుడు అట్లా జరిగి ఉండాలని ఒప్పుకున్నాడు. తన కాలంలో మాత్రం కర్కటకం మొదట, మకరం మొదట జరుగుతున్నదని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఎవరికి వారు ప్రత్యక్షంగా పరీక్షించి తేల్చుకోవచ్చుననీ, ఉదయాస్తమయాలలో సూర్యుని దూరపు గుర్తుతో సరిచూడటం ఒక పద్ధతి అనీ, నేలమీద పెద్ద వృత్తం గీచి అందులోకి నీడ వచ్చేపోయే చోట్లను గుర్తుపెట్టటం మరొక పద్ధతి అనీ సూచించాడు. మనం ఉప్పల్ డాబామీద నీళ్ళ టాంకును గుర్తుగా పెట్టుకోవటం మొదటి పద్ధతే. పూర్వుల మాటను కాదనకుండా, దానిని గుడ్డిగా పట్టుకోకుండా ఆయన వ్రాసిన తీరు ఈనాడు కూడా నేర్చుకోదగినది.

వరాహమిహిరుని కాలానికి అయనాంతమూ, సూర్యుడు మకరరాశి ప్రవేశించటమూ కొద్ది రోజుల ఎడంలోనే ఉండేవి. ఈ రెండూ క్రీ.శ. 285 ప్రాంతంలో ఒకేనాడు జరిగినట్లు ఇప్పుడు మన ప్రభుత్వ పంచాంగం వాడే లెక్క. కాబట్టి ఆ శతాబ్దాలలో మకర సంక్రాంతే ఉత్తరాయణ ప్రవేశం అనటంలో తప్పు ఏమీ లేదు. తరువాతివారు సంక్రాంతిని నక్షత్రాలనుబట్టి గణించటం సాగించారు, ఉత్తరాయణం అనే పేరును దానికే కట్టిపెట్టి ఉంచారు. సూర్యుడు మాత్రం ఏటేటా కొంచెం ముందుగానే మళ్ళుతూ వచ్చాడు. ఈ జరుగుబాటు ఆగలేదు. వివేకానందుడు పుట్టిన 1863వ సంవత్సరంలో సంక్రాంతి జనవరి 12న వచ్చింది. ఇప్పుడు 14, 15 తేదీలలో వస్తున్నది.

భారత ప్రభుత్వం 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘాన్ని నియమించింది. దేశంలో వాడుకలో ఉన్న పంచాంగాలను పరిశీలించి ఆ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. ఋతువులను అనుసరించి లెక్కపెట్టటాన్ని సాయనం అనీ, అయన చలనాన్ని తీసివేసి నక్షత్రాలను అనుసరించి లెక్కపెట్టటాన్ని నిరయనం అనీ అంటారు. పండుగలు ఋతువులకు దూరమవుతున్నవన్నది సంఘంవారి విచారం. 1957 మార్చి 22న అమలులోకి వచ్చిన జాతీయ శక పంచాంగం సాయన పద్ధతిదే. అందులో పుష్యం 1వ తేదీ డిసెంబరు 22న, ఆషాఢం 1వ తేదీ జూన్ 22న వస్తాయి. అది రాజపత్రంలోను, ఆకాశవాణి ప్రకటనలలోను ఉన్నది గాని, మన ఇళ్ళ గోడలమీదికి రాలేదు. పండుగ తేదీ మార్చటం ఎవరికీ ఇష్టం ఉండదు, మార్చవలసిన అవసరం కూడా నాకు కనబడదు. సంక్రాంతి పంట ఇంటికి వచ్చిన పండుగ. కాని కార్తెల సంగతి అంత తేలికగా వదలదగినది కాదు. పదిహేను వందల ఏళ్ళనాడు ఆరుద్ర కార్తె ఋతువులలో ఇప్పటికంటె మూడు వారాలు ముందుగా వచ్చేది. ఫలాని కార్తెలో విత్తాలి, ఫలాని కార్తెలో వాన పడాలి అనే పాతమాట ఎన్ని వందల ఏళ్ళనాటిదో తెలియకుండా ఈనాటి చేనికి వాడుకుంటే విత్తనం నష్టపోవలసి వస్తుంది.

సంక్రాంతినాడు పగలు పెరగటం మొదలవుతుందనే నమ్మకానికి మరొక ఆధారం ఉన్నది. అది మన ప్రొద్దుటి అనుభవం. హైదరాబాదులో డిసెంబరు 21న సూర్యోదయం సుమారు 6 గంటల 41 నిమిషాలకు అవుతుంది. జనవరి 14 నాటికి అది ముందుకు రాకపోగా 6 గంటల 49 నిమిషాలకు జరుగుతుంది. చలిలో బడికి పోయే పిల్లలకు ప్రొద్దు ఇంకా ఆలస్యమైనట్లే ఉంటుంది. అయితే సాయంకాలం 5 గంటల 46 నిమిషాలకు అస్తమించే సూర్యుడు అప్పటికి 6 గంటలవరకు నిలుస్తాడు. మొత్తంమీద పగలు ఆరు నిమిషాలు పెరిగి ఉంటుంది, పెరిగినదంతా సాయంకాలం వైపే. గాలిపటాలు ఎగురవేసేవారికి మేలు.

నాచారం షెడ్డులో సూర్యుడు

సూర్యుడు నిలిచే రోజులు దిక్కులు తెలుసుకోవటానికి చాలా అనుకూలమైనవి. కర్ర మొదలు కేంద్రంగా నేలమీద వృత్తం గీచి, ఉదయం నీడకొస వృత్తంలోకి వచ్చిన చోటును, మధ్యాహ్నం దాటాక బయటికి పోయిన చోటును గుర్తుపెట్టి కలిపితే తూర్పు పడమర గీత వస్తుంది. మిగిలిన రోజులలో ఈ రెండు గుర్తుల నడుమ సూర్యుడు కొంత ఉత్తరానికో దక్షిణానికో జరగటంచేత గీత కొద్దిగా వంకరపోతుంది. అయనాంతంలో ఆ దోషం ఉండదు. కంపాసు చూపే ఉత్తరం అయస్కాంతానిది, అది ఏండ్లు గడిచినకొద్దీ జరుగుతూ ఉంటుంది. 1961లో ఏర్పడి ఉప్పల్ రోడ్డులో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అటువంటి మార్పులనే కనిపెట్టి నమోదు చేస్తుంటుంది. నీడ చూపే ఉత్తరం భూమి ఇరుసుది. ప్లాటు కొని వాస్తుకోసం కంపాసు పట్టుకు తిరిగేవారు ఒక్క రోజు ఎండలో కర్ర పాతితే సరిపోతుంది.

దిక్కులకు మేలుచేసే ఈ నిలుపే తేదీని పట్టుకోవటానికి అడ్డు వస్తుంది. డిసెంబరు 16నుండి 21వరకు మన మీటరు కర్ర నీడ పెరిగేది సుమారు మూడు మిల్లీమీటర్లే. కాని సూర్యుడు చుక్క కాదు, అరడిగ్రీ వెడల్పుగల బింబం. అందుచేత నీడకొస కత్తిరించినట్లు ఉండక ఒకటిన్నర సెంటీమీటరు మేర మసకబారి ఉంటుంది. ఆ మసకలో మూడు మిల్లీమీటర్లు ఎవరు చూడగలరు? క్రీ.పూ. 432లో ఏథెన్సులో మెటాన్, యుక్టెమాన్ అనేవారు అయనాంతాన్ని పరిశీలించారు. ఆ తరువాత గ్రీకు జ్యోతిష్కులందరూ ఇదే కష్టం పడ్డారు.

మసకకు మందు ఒక చిన్న రంధ్రం. నాచారం పారిశ్రామికవాడలో ఏదైనా రేకుల షెడ్డులోకి మధ్యాహ్నం వెళ్ళి చూడండి. పైకప్పులో మేకు ఊడిన చోటునుండి ఎండ పడి నేలమీద గుండ్రటి వెలుగు బిళ్ళ ఏర్పడుతుంది. రంధ్రం నలుపలకగా ఉన్నా బిళ్ళ గుండ్రంగానో, కోలగానో ఉంటుంది. ఎందుకంటే అది రంధ్రపు ఆకారం కాదు, సూర్యుని ప్రతిబింబం. పైకప్పు ఆరు మీటర్ల ఎత్తున ఉంటే, సరిగా రంధ్రానికి దిగువనుండి లెక్కపెట్టి, ఈ బిళ్ళ డిసెంబరు అయనాంతపు మధ్యాహ్నం ఉత్తరంగా 5 మీటర్ల 19 సెంటీమీటర్ల దూరాన పడుతుంది. జూన్‌లో దక్షిణంగా 63 సెంటీమీటర్ల దూరాన పడుతుంది, కాని ఆ నెలలో ఎండకంటె వాననీరే ఆ రంధ్రంలోనుండి ఎక్కువగా వస్తుంది. ఇటలీలో బొలోన్యా నగరపు శాన్ పెట్రోనియో చర్చిలో కస్సీని అనే జ్యోతిష్కుడు 1655లో సరిగా ఇటువంటి ఏర్పాటే చేశాడు. అక్కడ రంధ్రం 27 మీటర్ల ఎత్తున ఉన్నది. నేలమీద పరచిన గీత దాదాపు 67 మీటర్ల పొడవు. ఆ గీత ఈనాటికీ ఉన్నది.

షెడ్డు లేనివారు మీటరు కర్రకొనకు ఒక అట్టముక్కను బిగించి, దానిలో రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం చేసుకోవచ్చును. నేల సమంగా ఉండాలి. మేస్త్రీలు దారానికి కట్టి వేలాడదీసే గుండు సాయంతో రంధ్రానికి సరిగా దిగువన ఉన్న చోటును గుర్తించాలి. వెలుగు బిళ్ళ నడుమను సుద్దతో గుర్తుపెట్టి అక్కడివరకు కొలవాలి. సూర్యునివైపు మాత్రం ఎట్టి పరిస్థితిలోను తలయెత్తి చూడరాదు, కళ్ళు పోతాయి.

అయినా అయనాంతం నాడు నిలబడి అది ఆనాడేనని చెప్పలేము. దీనికి ఉపాయం కనిపెట్టి వాడినవాడు అయిదవ శతాబ్దపు చైనా గణితజ్ఞుడు జూ చొంగ్‌జి. నీడ నిలిచిన రోజులను వదిలివేసి, అది చురుకుగా మారుతున్న రోజులలో కొలవాలి. అయనాంతానికి ముందు ఒకనాడు నీడ ఎంత ఉన్నదో చూచి, తరువాత అదే నీడ తిరిగి ఎప్పుడు వస్తుందో కనిపెట్టాలి. ఆ రెండు దినాలకు సరిగా నడుమ ఉన్నదే అయనాంతం. ఉప్పల్‌లో డిసెంబరు 1న మధ్యాహ్నం మీటరు ఎత్తుకు నీడ సుమారు ఎనభై ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటుంది. అప్పుడది రోజుకు నాలుగైదు మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ ఉంటుంది కాబట్టి ఒక రోజు తేడా కూడా దాగదు. నెల మధ్యలో పెరుగుదల మందగించి, కొద్ది రోజులు ఆగినట్లుండి, తరువాత నీడ తరగటం మొదలవుతుంది. జనవరి 8నుండి ప్రతి మధ్యాహ్నమూ కొలుస్తూపోతే 11, 12 తేదీల నడుమ మొదటి గుర్తు మీదికి వెలుగు తిరిగి వస్తుంది. డిసెంబరు 1నుండి అప్పటికి నలభై ఒకటిన్నర రోజులు. సగం తీసి లెక్కపెడితే డిసెంబరు 21వ తేదీ ముగిసి 22 వచ్చే వేళకు చేరుకుంటాము. ఇంకొక రెండు మూడు రోజులు ఓపికపట్టి సంక్రాంతినాటి మధ్యాహ్నం కూడా కొలిచినట్లయితే నీడ 80 సెంటీమీటర్లకు కొద్దిగా పైన ఉంటుంది. అయనాంతపు నీడకంటె అది అప్పటికే ఆరు సెంటీమీటర్లు తక్కువ.